షట్టరు దించాక... అసలు బేరం మొదలు
అంగడి కసువు ఎక్కడికెళ్తుంది? చిక్కపేట అట్టపెట్టె నుంచి సిమెంటు బట్టీ దాకా ఓ ప్రయాణం

బెంగళూరు: రాత్రి తొమ్మిది దాటితే చిక్కపేటలో ఒక్కొక్క షట్టరే కిందికి దిగుతుంది. పొద్దుట్నుంచీ చీరలు విప్పి చూపించి, మళ్లీ మడతలు పెట్టి అలసిపోయిన కుర్రాళ్లకు ఇంటికెళ్లే ముందు ఒక పని మిగిలి ఉంటుంది. ఆ రోజు సరుకు వచ్చిన అట్టపెట్టెలు, పాలిథిన్ కవర్లు, చీర మడతల మధ్య పెట్టే అట్టముక్కలు, గుండుసూదులు, తాగి పడేసిన టీ కప్పులు... అన్నీ ఊడ్చి గుమ్మం బయట కుప్ప పెట్టాలి. యజమాని దృష్టిలో అది కసువు. తాళం వేశాక దాని సంగతి ఆయనకు పట్టదు.

వీధి మలుపులో తోపుడుబండితో నిలబడ్డ మనిషికి మాత్రం వ్యాపారం అప్పుడే మొదలవుతుంది. ఆయన చెయ్యి ముందుగా అట్టపెట్టెల మీదికి వెళ్తుంది. తర్వాత తెల్ల పాలిథిన్. ఆ తర్వాత నీళ్ల బాటిళ్లు. టీ కప్పుల వంక చూడను కూడా చూడడు. అవి ఎందుకు వద్దో అడిగితే అరనిమిషంలో చెప్పేస్తాడు. పైకి కాగితంలా కనిపించినా లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. కాగితం గోదాములో తీసుకోరు, ప్లాస్టిక్ గోదాములోనూ తీసుకోరు.

కాలేజీ పుస్తకాల్లో దొరకని ఈ చదువు మీదే ఇంత పెద్ద నగరంలో అంగళ్లు, హోటళ్లు, ఆఫీసుల చెత్త నడుస్తోంది.

రెండు కొసల్లోనూ మనవాళ్లే

బెంగళూరు పేటల్లో తెలుగు మాట కొత్తేమీ కాదు. చిక్కపేట, బళేపేట, అవెన్యూ రోడ్డు వ్యాపారాల్లో తరతరాలుగా తెలుగు కుటుంబాలున్నాయి. ఆ అంగళ్ల ముందు తెల్లవారుజామున పొరక పట్టే పౌరకార్మికుల్లోనూ ఎక్కువమంది తెలుగు మాట్లాడేవాళ్లే. రాయలసీమ కరవు పల్లెల నుంచి తాతల కాలంలో వచ్చి, ఇక్కడే స్థిరపడ్డ దళిత కుటుంబాలవి. అందులోనూ ఆడవాళ్లే ఎక్కువ. పిల్లలు కన్నడ బడికి వెళ్తారు, ఇంట్లో మాత్రం అనంతపురం, చిత్తూరు యాస వినిపిస్తుంది. వాళ్లు 'కసువు చిమ్మడం' అంటారు, పాలిక వాళ్లు 'కస' అంటారు. మాటకు మాట దగ్గరే. తడి చెత్తను 'హసి కస', పొడి చెత్తను 'ఒణ కస' అని పిలవడం ఇప్పుడు తెలుగు ఇళ్లలో కూడా అలవాటైపోయింది.

చీర అమ్మే చెయ్యీ, ఆ చీర వచ్చిన పెట్టెను ఎత్తే చెయ్యీ ఒకే భాష మాట్లాడతాయి. అయినా వాళ్ల మధ్య ఈ చెత్త గురించి జరిగే సంభాషణ చాలా తక్కువ. జరిగితే అదో గొడవగానే ఉంటుంది. "అన్నా, అన్నీ కలిపేస్తే ఎట్ల?" అని ఆమె అంటే, "ఎత్తుకుపొమ్మా, టైమయింది" అని ఇటు నుంచి జవాబు. చాలా అంగళ్ల ముందు రోజూ నడిచే మాటలే ఇవి.

మంచిది ముందే పోతుంది

అంగడి చెత్తకూ ఇంటి చెత్తకూ ఒక పెద్ద తేడా ఉంది. ఇంటి చెత్తలో అన్నీ కొంచెం కొంచెం ఉంటాయి. కూర తొక్కలు, జుట్టు, పాల కవరు, పాత చెప్పు. అంగడి చెత్త అలా కాదు. బట్టల షాపులో అట్ట, కవర్లు. హోటల్లో అన్నం, కూరగాయల చెత్త, నూనె డబ్బాలు. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ అంగళ్లలో థర్మోకోల్, తీగలు. జేసీ రోడ్డులో ఆయిల్ డబ్బాలు, ఇనుప ముక్కలు. ఒకే రకం సరుకు ఒకేచోట కుప్పగా దొరుకుతుంది, పైగా మురికి తక్కువ. అందుకే దానికి గిరాకీ.

గిరాకీ ఉన్నచోట పోటీ తప్పదు. పెద్ద మాల్స్, ఆఫీసుల్లో అట్టపెట్టెలు, కాగితం పాలిక బండి దాకా రానే రావు. హౌస్ కీపింగ్ వాళ్లో, సెక్యూరిటీ వాళ్లో, కొన్నిచోట్ల యాజమాన్యమే నేరుగా గుజరీ అంగడికి అమ్మేస్తారు. చిన్న అంగళ్లలో తోపుడుబండి వాళ్లు, చిత్తు కాగితాలు ఏరుకునేవాళ్లు తీసుకుంటారు. చివరికి పాలిక బండిలో పడేది ఎవరికీ వద్దనిపించినది. చిప్స్ ప్యాకెట్లు, సాస్ పొట్లాలు, తడిసిన అట్ట, నలిగిన థర్మోకోల్.

పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, వార్డుల్లో పొడి చెత్త కేంద్రాలు నడిపేవాళ్లను కుంగదీసేది ఇదే. 2012 తర్వాత బెంగళూరు వార్డుల్లో ఈ కేంద్రాలు వచ్చాయి. వాటిలో చాలావాటిని ఒకప్పుడు వీధుల్లో చెత్త ఏరుకున్నవాళ్లే నడుపుతున్నారు. ధర పలికే అట్ట, బాటిళ్ల మీద వచ్చే నాలుగు డబ్బులతో ధరలేని సరుకును వేరుచేసే కూలి గిట్టుబాటు చేసుకోవాలన్నది లెక్క. మంచిది ముందే పోతే కూలి మిగులుతుంది, ఆదాయం మిగలదు.

జాలీ మొహల్లా తూనిక

చిక్కపేటకు కూతవేటు దూరంలోనే జాలీ మొహల్లా. పాత కాగితానికి, తుక్కుకు పేరుమోసిన ఇరుకు సందులు. ఒక ఎద్దుబండి పట్టే దారిలో మూడు టెంపోలు ఇరుక్కుని ఉంటాయి. అట్టపెట్టె ఇక్కడికి వచ్చాక దాని పేరు మారిపోతుంది. అది ఇక పెట్టె కాదు, తూకం.

తీసుకునేవాడు ముందు చూసేది తడి. అట్ట నీళ్లు పీల్చుకుంటే బరువు పెరుగుతుంది. అది తెలిసి కొందరు కావాలనే నీళ్లు చల్లుతారన్న అనుమానం ఈ వ్యాపారం అంత పాతది. అందుకే చెయ్యి లోపలికి పెట్టి తడిమి చూస్తారు. తడి ఉంటే ధరలో కోత. వానాకాలంలో ఈ కోత మీదే సగం తగాదాలు. అంగడి ముందు చూరు కింద పెట్టాల్సిన పెట్టెను నడిరోడ్డు మీద పెడితే, ఆ వానచుక్క ధర కట్టేది తోపుడుబండి మనిషి.

తర్వాత రకాలు. గోధుమరంగు అట్ట ఒకటి. తెల్ల కాగితం మరొకటి, దానికి ధర ఎక్కువ. రంగుల పత్రికలు, న్యూస్‌పేపర్లు, పుస్తకాలు వేర్వేరు. బిల్లు మిషన్లో వచ్చే నున్నటి రశీదు కాగితాన్ని పక్కన పారేస్తారు. దాని మీది రసాయనపు పూత మంచి కాగితం మూటను పాడుచేస్తుంది. నూనె మరకలున్న పిజ్జా పెట్టెదీ అదే గతి.

వేరుచేసిన అట్టను యంత్రంతో నొక్కి, తీగతో కట్టి బేళ్లు చేస్తారు. లారీలెక్కి అవి క్రాఫ్ట్ కాగితం మిల్లులకు పోతాయి. తమిళనాడులో కోయంబత్తూరు, ఉడుమలైపేట చుట్టుపక్కల ఇలాంటి మిల్లులు చాలా ఉన్నాయి. అక్కడ పెద్ద తొట్టిలో నీళ్లుపోసి అట్టను గుజ్జు చేస్తారు. మిక్సీలో పిండి రుబ్బినట్టే. టేపు ముక్కలు, ప్లాస్టిక్ పీచు పైకి తేలితే జల్లెడ పడతారు. పిన్నులను అయస్కాంతం లాగేస్తుంది. గుజ్జును పరిచి, నీరు పిండి, ఆవిరి రోలర్ల మీద ఆరబెడితే మళ్లీ గోధుమరంగు కాగితం. దాన్ని అలలుగా మడిచి అతికిస్తే మళ్లీ పెట్టె.

ఎన్నిసార్లు ఇలా తిప్పొచ్చు? తిప్పిన ప్రతిసారీ కాగితంలోని పీచు పొట్టిదవుతుంది. సుమారుగా ఐదు నుంచి ఏడు సార్లని కాగితం పరిశ్రమ లెక్క. అందుకే మన దగ్గర చాలాసార్లు తిరిగిన అట్ట కంటే విదేశాల నుంచి వచ్చే పాత అట్టకు మిల్లులు మొగ్గు చూపుతాయి. దాంట్లో పీచు ఇంకా పొడవుగా ఉంటుంది.

ఈ ఒక్క కారణంతోనే ఎక్కడో చైనాలో తీసుకున్న నిర్ణయం జాలీ మొహల్లా తూనికరాయిని కదిలించింది. 2018 జనవరి నుంచి చైనా విదేశీ చెత్త దిగుమతులపై కఠినంగా ఆంక్షలు పెట్టింది. అమెరికా, ఐరోపాల్లో పోగైన పాత కాగితం భారత్ వంటి దేశాల వైపు తిరిగింది. మిల్లులకు దిగుమతి సరుకు చవగ్గా దొరికితే స్థానిక అట్టకు ధర పడిపోతుంది. తోపుడుబండి తోసే మనిషికి చైనా సంగతి తెలియదు. నిన్న ఇచ్చిన ధర ఇవాళ ఎందుకివ్వరో మాత్రం గోదాము దగ్గర అడుగుతాడు.

చెవితో వినే ప్లాస్టిక్

ప్లాస్టిక్ దారి వేరు. మైసూరు రోడ్డులో నాయండహళ్లి చుట్టూ ఉన్న రేకుల షెడ్లే దానికి రాజధాని. గోడలెత్తున మూటలు. కింద కూర్చుని ఆడవాళ్లు, మగవాళ్లు ముక్కముక్కా వేరుచేస్తుంటారు. రంగు, రకం కలిపి పదుల కుప్పలు.

ప్లాస్టిక్ అంతా ఒకటే అనుకుంటాం. కానే కాదు. నీళ్ల బాటిలు పెట్. దాని మూత వేరే రకం. షాంపూ డబ్బా, ఫినాయిల్ డబ్బా గట్టి పాలిథిన్. పాల కవరు మెత్తటి పాలిథిన్. చొక్కా వచ్చే గలగలలాడే కవరు పాలీప్రొపిలీన్. కుర్చీ, పైపు, బొమ్మ, టీవీ డొక్కు... ఒక్కోటి ఒక్కో జాతి. వీటిని కలిపి కరిగిస్తే దేనికీ పనికిరాని ముద్ద అవుతుంది.

అనుభవం ఉన్నవాళ్లు నలిపి చప్పుడు వింటారు. మెత్తగా ఉంటే ఒకటి, గలగలమంటే మరొకటి. అనుమానమొస్తే చిన్న ముక్క తుంచి అగ్గిపుల్ల పెడతారు. కొవ్వొత్తి వాసన వస్తే పాలిథిన్ జాతి. నల్లటి మసి పొగ వస్తే పాలీస్టైరిన్. ముక్కుపుటాలు మండే ఘాటు వాసన వచ్చి, మంట తీయగానే ఆరిపోతే పీవీసీ. ఈ పరీక్ష రోజుకు ఎన్నిసార్లు చేస్తారో లెక్కలేదు. ఆ పొగ పోయేది నేరుగా ఊపిరితిత్తుల్లోకే.

పీవీసీని పట్టుకోవడానికి అంత శ్రమ ఎందుకంటే, పెట్ బాటిళ్ల మూటలో అది కొంచెం కలిసినా చాలు. పెట్ 250 డిగ్రీలు దాటితేనే కరుగుతుంది. ఆ వేడికి పీవీసీ మాడిపోయి ఆమ్లం వదులుతుంది. మొత్తం పెట్ పసుపెక్కి, నల్లచుక్కలు పడుతుంది.

బాటిలు నుంచి మూతను వేరుచేసే పద్ధతి మాత్రం ముచ్చటగా ఉంటుంది. గ్రైండర్లో ముక్కలు చేసి నీళ్ల తొట్టిలో పోస్తారంతే. పెట్ నీటి కంటే బరువు, మునుగుతుంది. మూత ముక్కలు తేలికైనవి, తేలతాయి. జల్లెడతో పైవి ఎత్తుకుంటే సరి.

కడిగి ఆరబెట్టిన ముక్కలను వేడి యంత్రంలో కరిగించి, సేమ్యాలా తీగలు తీసి, నీళ్లలో చల్లార్చి, చిన్న గింజలుగా కత్తిరిస్తారు. దీన్ని 'దానా' అంటారు. పైపులు, బకెట్లు, మగ్గులు, కుండీలు దీంతోనే. పెట్ ముక్కలైతే దారంగా మారి దిండ్ల దూదిలోకి, బట్టల్లోకి వెళ్తాయి. నిన్న తాగి పడేసిన బాటిలు రేపు టీషర్టుగా చిక్కపేటకే తిరిగొచ్చినా ఆశ్చర్యం లేదు.

ధర? అది ముడిచమురు చేతిలో ఉంది. చమురు చవకైతే కొత్త ప్లాస్టిక్ చవకవుతుంది. పాతదాన్ని ఎవరు కొంటారు? 2008 చివర్లో, మళ్లీ 2014-15లో చమురు ధర కుప్పకూలినప్పుడు ప్రపంచమంతటా తుక్కు వ్యాపారులు చేతులు కాల్చుకున్నారు. దానికితోడు 2021 అక్టోబరులో ప్లాస్టిక్ తుక్కు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. పన్ను కట్టేది పెద్ద వ్యాపారే అయినా, ఆ భారం కిలోకు ఇంతని కిందకు జారుతూ జారుతూ ఏరేవాళ్ల చేతికొచ్చే డబ్బులో కోతగా తేలుతుంది.

ఎవరికీ వద్దనిది

చిప్స్ ప్యాకెట్టును చింపి చూస్తే లోపల వెండిరంగు మెరుస్తుంది. ప్లాస్టిక్ పొరల మధ్య లోహపు పూత. వాటిని విడదీయడం దాదాపు అసాధ్యం. విడదీసినా ఖర్చు రాదు. షాంపూ సాషేలు, బిస్కెట్ కవర్లు, గుట్కా పొట్లాలు అంతే. పండ్ల రసాల పెట్టె కూడా ఇలాంటిదే. అందులో సుమారు 75 శాతం కాగితం, 20 శాతం పాలిథిన్, 5 శాతం అల్యూమినియం. ప్రత్యేక మిల్లుకు చేరితేనే దానికి విలువ.

థర్మోకోల్ సమస్య ఇంకో రకం. అందులో దాదాపు 98 శాతం గాలే. లారీ నిండా ఎక్కించినా తూకం రాదు. గాలికి అద్దె కట్టినట్టు!

ఈ సరుకంతటికీ ఇప్పుడున్న పెద్ద దారి సిమెంటు కర్మాగారాలు. బట్టీలో క్లింకరు తయారయ్యేది సుమారు 1,450 డిగ్రీల దగ్గర. బొగ్గుతోపాటు ఈ ప్లాస్టిక్‌నూ ఇంధనంగా వేస్తారు, బూడిద సిమెంటులోనే కలిసిపోతుంది. అక్కడా షరతులున్నాయి. సరుకు పొడిగా ఉండాలి. పీవీసీ ఉండకూడదు, దాంట్లోని క్లోరిన్ బట్టీని దెబ్బతీస్తుంది. ఇంతా చేసి, దీనికి ధర రాకపోగా రవాణా ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. దీన్ని రీసైక్లింగ్ అనడం కూడా అంత సబబు కాదు. కాల్చడమే, కాకపోతే పద్ధతిగా కాల్చడం.

రోడ్డు మరో దారి. మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాల ఆచార్యుడు రాజగోపాలన్ వాసుదేవన్ ఈ పద్ధతికి ఆద్యుడు, 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సుమారు 160, 170 డిగ్రీల వేడిలో ఉన్న కంకర మీద తురిమిన ప్లాస్టిక్ చల్లితే అది పూతలా అంటుకుంటుంది. ఆపైన తారు పోస్తారు. బెంగళూరులో 2000ల మొదట్లోనే ఈ తరహా రోడ్లు వేశారు.

ప్యాకెట్లు తయారుచేసే కంపెనీలే ఖర్చు పెట్టుకోవాలని 2022 ఫిబ్రవరిలో కేంద్రం కచ్చితమైన మార్గదర్శకాలు తెచ్చింది. రీసైక్లింగ్ చేసినవాళ్ల దగ్గర కంపెనీలు సర్టిఫికెట్లు కొనాలి. ఆలోచన బాగుంది. మరుసటి ఏడాదే గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటకల్లోని కొన్ని యూనిట్లు దాదాపు 6 లక్షల నకిలీ సర్టిఫికెట్లు పుట్టించినట్టు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీల్లో బయటపడింది. చెత్త కదలకుండానే కాగితం కదిలింది!

హోటలు వెనక గుమ్మం

హోటళ్ల చెత్తలో సింహభాగం తడిది. ఇది ఆగదు, మర్నాటికే కంపు. అన్నం, సాంబారు, ఇడ్లీ మిగులు డ్రమ్ముల్లో పందుల పెంపకందార్ల దగ్గరకు వెళ్లడం పాత పద్ధతి, ఇప్పటికీ ఉంది. కూరగాయల చెత్త కంపోస్టుకు, బయోగ్యాస్‌కు పనికొస్తుంది. దేశంలో చాలా నగరాల కంటే ముందే, 1975లోనే, ఇక్కడ కర్ణాటక కంపోస్టు అభివృద్ధి సంస్థ మొదలైంది. కానీ ఎరువు నాణ్యత చెత్త నాణ్యతను బట్టే. గాజుపెంకు, బ్యాటరీ కలిసిన కంపోస్టును ఏ రైతు పొలంలో వేసుకుంటాడు? నగరంలో పెట్టిన చిన్న బయోగ్యాస్ ప్లాంట్లలో కొన్ని మూలనపడటానికీ విడదీయని చెత్తే ఒక కారణం. అరటాకుతోపాటు స్ట్రా, స్టీలు చెంచా లోపలికి పోతే యంత్రం పళ్లు విరుగుతాయి.

కాగిన నూనె సంగతి వేరే చెప్పాలి. బజ్జీలు వేయించి వేయించి నల్లబడ్డ నూనెను ఒకప్పుడు చవగ్గా చిన్న బండ్లకు అమ్మేసేవారు. అది మళ్లీ కడుపులోకే. 2018 జూలై నుంచి ఆహార భద్రత సంస్థ హద్దు పెట్టింది. నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదు. ఆ నూనెను సేకరించి బయోడీజిల్ చేసే పథకమూ అదే ఏడాది మొదలుపెట్టింది. రోజుకు 50 లీటర్ల కన్నా ఎక్కువ వాడే హోటళ్లు రికార్డు రాయాలి. చిన్న హోటళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువే.

కంప్యూటరు చచ్చాక

ఆఫీసుల నగరం కదా, పాత కంప్యూటర్లకు కొదవలేదు. గౌరిపాళ్య సందుల్లో వీటిని విప్పేవాళ్లున్నారు. రాగి కోసం తీగ కాల్చడం, బంగారపు పూత కోసం సర్క్యూట్ బోర్డును ఆమ్లంలో ముంచడం ప్రమాదకరమని తెలిసీ చేసే పనులు. సీసం, కాడ్మియం, ఆమ్లపు ఆవిరి... ఇరుకు గదిలో పిల్లల పక్కనే. మరోవైపు దేశంలో అనుమతి పొందిన తొలి ఈ-వ్యర్థాల రీసైక్లింగ్ సంస్థల్లో ఒకటైన ఈ-పరిసర బెంగళూరు శివార్లలోని దాబస్‌పేటలో 2005లోనే మొదలైంది. 2012 నుంచి అమల్లోకొచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు తర్వాత 2016లో, 2022లో మారుతూ వచ్చాయి. అయినా నలుగురు పనిచేసే ఆఫీసు తన పాత మానిటర్‌ను ఇప్పటికీ వీధి గుజరీకే వేస్తుంది. కారణం సులువైనదే. అక్కడ అప్పటికప్పుడు చేతిలో డబ్బు పడుతుంది.

మండూరు తలుపు మూసింది

ఒకప్పుడు ఈ వేరుచేయడాలేవీ లేకుండా లారీలెత్తి ఊరి బయట పోసేవారు. ఆ ఊళ్ల పేర్లు మావళ్లిపుర, మండూరు. నేలలోకి దిగిన నల్లనీళ్లు బావులను చెరిచాయి. ఈగలు, కంపు, జబ్బులు. 2012లో మావళ్లిపుర వాళ్లు ఇక పొమ్మన్నారు. ఆ వానాకాలం బెంగళూరు వీధుల్లో చెత్త గుట్టలు పేరుకుని దేశమంతా పరువు పోయింది. లారీలు మండూరుకు మళ్లాయి. అక్కడివాళ్లూ రోడ్డెక్కారు. 2014 డిసెంబరు 1 నుంచి మండూరూ తలుపు మూసింది.

చెత్త మీద న్యాయపోరాటం అంతకుముందే మొదలైంది. బెంగళూరు వాసి అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యమే 2000 నాటి మున్సిపల్ చెత్త నిబంధనలకు దారితీసింది. 2012 అక్టోబరు 1 నుంచి బెంగళూరులో తడి, పొడి విడదీయడం తప్పనిసరైంది. 2015లో హైకోర్టు 'రెండు బుట్టలు, ఒక సంచి' పద్ధతి ఖాయం చేసింది. 2016 కేంద్ర నిబంధనల్లో రోజుకు 100 కిలోలు దాటి చెత్త చేసే హోటళ్లు, మాల్స్, కార్యాలయాలు తమ చెత్తకు తామే దారి చూసుకోవాలన్నారు. 2026 జనవరిలో ప్రకటించి ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టిన కొత్త నిబంధనలు తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త చెత్త అని నాలుగు భాగాలు చేయమంటున్నాయి. ఈమధ్యలో నగర పాలనే మారిపోయింది. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ పోయి దాని స్థానంలో ఐదు పాలికలొచ్చాయి.

మధ్యలో నలిగేది 100 కిలోల లోపు చిన్న అంగడి. సొంతంగా ఏజెన్సీని పెట్టుకునేంత చెత్త ఉండదు. పాలిక బండి వచ్చే వేళకు అంగడి తెరిచి ఉండదు. పదింటికి షట్టరెత్తితే బండి ఏడింటికే వచ్చిపోయి ఉంటుంది. అందుకే రాత్రి గుమ్మం ముందు కుప్ప. దాన్ని కుక్కలు చింపేస్తే, పొద్దున పొరక పట్టేవాళ్లు చేతులతో ఏరాలి.

చేతులే యంత్రాలు

ఆ చేతులకు పట్టేవి కాగితం, ప్లాస్టిక్ మాత్రమే కాదు. విరిగిన ట్యూబులైటు, బ్లేడు, క్లినిక్ సూది, పేపరులో చుట్టని శానిటరీ ప్యాడు. గ్లౌజులిచ్చినా వాటితో కవరు మందం తెలియదు. తీసేస్తేనే పని సాగుతుంది. షెడ్లలో వేసవికి రేకు కింద ఉడుకు, ఎప్పుడు నిప్పు రాజుకుంటుందోనన్న భయం.

మెరుగుపడినవీ ఉన్నాయి. చెత్త ఏరుకునేవాళ్లకు పాలిక కమిషనర్ సంతకంతో గుర్తింపు కార్డులు ఇక్కడ 2011లో మొదలయ్యాయి. అంతకుముందు మూటతో కనిపిస్తే దొంగ అని పోలీసులు ఆపే పరిస్థితి. హసిరు దళ వంటి సంఘాలు వాళ్లను పొడి చెత్త కేంద్రాల నిర్వాహకులను చేశాయి, హోటళ్లు, అపార్ట్‌మెంట్లతో నేరుగా ఒప్పందాలు చేసుకునే దాకా తీసుకెళ్లాయి. 2022 జూలైలో పౌరకార్మికులు ఉద్యోగ భద్రత కోసం సమ్మెకు దిగితే నగరం రెండ్రోజుల్లోనే ముక్కు మూసుకుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డప్పుడు ఇంటి చెత్త ఆగలేదు, అంగడి చెత్తే ఆగిపోయింది. అట్ట లేదు, బాటిల్ లేదు. గోదాములకు తాళాలు. రోజు సంపాదన మీద బతికే ఏరుకునే కుటుంబాలకు అదే పొయ్యి ఆరిన సమయం. నగరానికి చెత్త లేకపోవడం వరమనుకుంటాం గానీ, కొన్ని ఇళ్లకు అది పస్తు.

అంగడివాళ్లు చేయగలిగింది పెద్దదేమీ కాదు. పెట్టెను విప్పి చదునుగా మడిచి, చూరు కింద పొడిగా పెట్టడం. పాల కవర్లను నీళ్లతో ఓసారి తొలిచి ఆరేయడం. హోటలు వాళ్లు ఈ ఒక్కటి చేస్తే గోదాములో ఆ మూటకు కంపు లేదు, ధర తెగదు. కవరు మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్కను పూర్తిగా తెగ్గొట్టకుండా కవరుకే వేలాడనివ్వడం. ఆ ముక్క విడిగా పడితే ఏ చెయ్యీ దాన్ని ఏరలేదు. పగిలిన గాజును అట్టలో చుట్టి పైన ఎర్ర పెన్నుతో గీత పెట్టడం. రోజూ వచ్చే తోపుడుబండి మనిషిది ఏ ఊరో ఒకసారి అడిగినా తప్పులేదు. కదిరి అనో, మదనపల్లె అనో జవాబు రావచ్చు. మర్నాటి నుంచి ఆయనే షట్టరు దించే వేళకు వచ్చి నిలబడతాడు, కుప్ప రోడ్డు మీదికి వెళ్లాల్సిన పని ఉండదు.